ఆకాశపు దినచర్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు వచ్చిన వారి దృష్టి బీరువాలమీద నిలుచుట సహజము. భారతము, భాగవతము, ప్రబంధములు, నవలలు అందు కొలువుతీరియుండును. గుమ్మము ప్రక్క బల్లపైనుండు పుస్తకమును మాత్రము ఎవరును గ్రంథముగా లెక్కింపరు. ఏనాడు ఎవరు ఏ పుస్తకమును గొనిపోయిరో, ఏనాడు మరల తెచ్చి యొప్పగించిరో అందు వ్రాయబడియుండును. అందు కథ లేదు, వర్ణన లేదు, అలంకారము లేదు. పేరు, తేదీ, సంతకము, ఇంతియే. అయినను తగవు వచ్చిననాడు మహాకావ్యములన్నియు మౌనము వహింపగా, ఆ పుస్తకమొక్కటే నోరు విప్పి సాక్ష్యము చెప్పును.

నేటి ప్రసంగము అట్టి పుస్తకమును గూర్చియే. అయితే ఆ పుస్తకమున వ్రాయబడినవి భూమిమీది లెక్కలు కావు, ఆకాశపు లెక్కలు. మానవుడు పైకి పంపిన ఉపగ్రహములను, వ్యోమనౌకలను క్రిందనుండి కనిపెట్టి, ఏది ఏ నిమిషమున లేచినదో, ఏ నిమిషమున ఎచ్చట నున్నదో, ఎప్పుడు దిగినదో వ్రాసియుంచిన వారి చరిత్ర ఇది. ఆ పని చేసినవారిలో మహాశాస్త్రజ్ఞులు కలరు. గొప్ప గొప్ప యంత్రములుగల ప్రభుత్వ సంస్థలును కలవు. కాని గ్రామ గ్రంథాలయపు సభకు మిక్కిలి దగ్గర బంధువులు వేరొకరు. వారు బడిపంతుళ్లు, బడిపిల్లలు, తెల్లవారుజామున వాకిట నిలిచి ఆకాశమును చూచిన గృహస్థులు.

1957వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన సోవియటు దేశము స్పుత్నిక్ అను మొదటి కృత్రిమ ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. దాని బరువు 83.6 కిలోగ్రాములు, గోళపు వ్యాసము 58 సెంటీమీటర్లు. భూమిని ఒకసారి చుట్టివచ్చుటకు దానికి పట్టిన కాలము సుమారు 96 నిమిషములు. పంచాంగపు లెక్కలో చెప్పినచో నాలుగు ఘడియలు. అది 20, 40 మెగాసైకిళ్ల సమీపమున రెండు రేడియో ధ్వనులను విడుచుచు పోవుచుండెను. సామాన్యమైన షార్టువేవు రేడియో గలవాడెవడైనను ఆ 'బీప్, బీప్' అను శబ్దమును వినగలిగెను. మూడు వారములకు దాని బ్యాటరీలు ఉడిగినవి. 1958 జనవరి 4న అది వాతావరణమున ప్రవేశించి దగ్ధమైపోయెను. దాని జీవితము మూడు నెలలే. కాని ఆనాటినుండి భూమిమీద ఒక కొత్త వృత్తి పుట్టెను. అది ఆకాశమునకు కాపలా కాయువారి వృత్తి.

అమెరికాలో ఫ్రెడ్ విపిల్ అను ఖగోళశాస్త్రజ్ఞుడు స్పుత్నిక్‌కు పూర్వమే 'మూన్‌వాచ్' అను పేరున సామాన్య ప్రజలను దళములుగా కూర్చియుండెను. వారు చిన్న చిన్న దూరదర్శినులతో వరుసగా కూర్చుండి, తమ ముందునుండి ఉపగ్రహము దాటిన క్షణమును గుర్తించి వ్రాసెడివారు. వారికి తోడుగా ప్రపంచమున పండ్రెండుచోట్ల పెద్ద కెమేరాలు నెలకొల్పబడినవి. అందొకటి హిమాలయ సానువులందలి నైనితాలులో నుండెను.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. వేల మైళ్ల వేగముతో పరుగెత్తు వస్తువు ఎచ్చటనుండి వచ్చినదో, ఎచ్చటికి పోవునో క్రింద కూర్చున్నవాడు ఎట్లు చెప్పగలడు?

రైల్వేస్టేషనులో నిలుచున్నవారికి ఒక అనుభవము కలదు. ఆగక పోవు మెయిలుబండి కూత వేయుచు వచ్చునపుడు ఆ కూత తీవ్రముగా వినబడును. బండి ఎదుటనుండి దాటిపోగానే స్వరము దిగిపోవును. ఇంజను కూతలో మార్పు లేదు. బండి దగ్గరకు వచ్చుటయు, దూరమగుటయు ఆ భేదమునకు కారణము. ఉపగ్రహపు రేడియో ధ్వనియు ఇట్లే దిగును. ఆ దిగిన క్షణమే అది వినువానికి అత్యంత సమీపముగా నున్న క్షణము. గడియారము చూచి ఆ క్షణమును వ్రాసికొన్నచో లెక్కకు మొదటి పద్దు పడినట్లే. స్పుత్నిక్ లేచిన కొలది దినములకే అమెరికాలో గయ్యర్, వైఫెన్‌బాక్ అను యిరువురు యువశాస్త్రజ్ఞులు ఈ స్వరభేదము నుండియే దాని కక్ష్యను గణించిరి. ఆ లెక్కను తలక్రిందులు చేసి, ఉపగ్రహపు స్థానము తెలిసినచో వినువాని స్థానమును కనుగొనవచ్చునని వారి పెద్ద మెక్‌క్లూర్ 1958లో సూచించెను. అందుండి ఓడలకు దారిచూపు ఉపగ్రహములు పుట్టినవి. నేడు చేతిలోని ఫోను ఊరికి దారి చూపుచున్నదన్నచో, అది ఆ వంశపు సంతతియే.

ఇక ప్రధాన కథ. ఇంగ్లండు దేశమున కెటరింగ్ అను పట్టణము కలదు. అచ్చటి గ్రామర్ స్కూలులో జెఫ్రీ పెర్రీ భౌతికశాస్త్రము చెప్పెడి ఉపాధ్యాయుడు. డెరెక్ స్లేటర్ రసాయనశాస్త్రము చెప్పెడివాడు. ఆయనకు రేడియోయందు అభిరుచి మెండు. పైన చెప్పిన స్వరభేదమును పిల్లలకు ప్రత్యక్షముగా వినిపింపవలెనను కోరికతో వారు ఉపగ్రహముల ధ్వనులను పట్టుటకు ఉపక్రమించిరి. వారికున్న సాధనసంపద మిక్కిలి స్వల్పము: ఒక షార్టువేవు రేడియో, ఒక తీగ, ఒక గడియారము, ఒక నోటుపుస్తకము. పిల్లలు వంతులువారీగా కూర్చుండి విని, నిమిషములతో సహా వ్రాయసాగిరి.

ఆ కాలమున సోవియటు ప్రభుత్వము 'కాస్మాస్' అను ఒకే పేరునకు వరుస సంఖ్యలు తగిలించి ఉపగ్రహములను పంపుచుండెను. అవి శాస్త్రపరిశోధన కొరకని మాత్రమే ప్రకటించెడిది. వాటిలో అనేకములు ఛాయాచిత్రములు తీయు వేగువాండ్రు. అవి సుమారు ఎనిమిది దినములు తిరిగి, తీసిన ఫిల్ముతో భూమికి దిగెడివి. ఈ రహస్యమును బడిపిల్లల పుస్తకము ఎట్లు పట్టెను? ఒకనాడు లెక్కప్రకారము వినబడవలసిన వేళకు ధ్వని వినబడకపోయెను. తరువాతి చుట్టునకును వినబడలేదు. 'వినబడలేదు' అని వ్రాసిరి. మరియొక ఉపగ్రహమును అన్నినాళ్లకే మౌనము దాల్చెను. అదియు వ్రాసిరి. ఇట్టి పద్దులు ప్రోగుపడగా ఆ మౌనమునకు అర్థము దిగుట యని తేటపడెను. సామాన్యుడు విన్నదానిని మాత్రమే వ్రాయును. మంచి లేఖకుడు విననిదానిని కూడ వ్రాయును. ఏమియు జరుగలేదను పద్దునకును విలువ కలదు.

1966 మార్చి 17న కాస్మాస్ 112 అను ఉపగ్రహము లేచెను. భూమధ్యరేఖతో దాని మార్గము చేయు కోణము 72 డిగ్రీలని తేలెను. పెర్రీ తన పటములు ముందుంచుకొని లెక్కను వెనుకకు నడిపించెను. భూమి గంటకు 15 డిగ్రీల చొప్పున తూర్పునకు తిరుగుచుండును. గంటన్నరకొక చుట్టు చుట్టు ఉపగ్రహపు జాడ ప్రతి చుట్టునకును ఇరువదిరెండున్నర డిగ్రీలు పడమటికి జరుగుచుండును. ఈ లెక్కతో జాడను వెనుకకు త్రిప్పి, లేచిన వేళవరకు గొనిపోయి చూడగా, ఆ జాడ సోవియటులవారి ప్రసిద్ధ ప్రయోగకేంద్రమగు బైకనూరు మీదుగా పోలేదు. లెక్క తప్పెనా? మరల వేసిరి. తప్పలేదు. అయినచో అది వేరొకచోట లేచియుండవలెను. ఎచ్చట?

పొలముల సరిహద్దు వివాదములు చూచినవారికి ఈ చిక్కు వెంటనే బోధపడును. ఒక గీత దొరికినంతమాత్రమున రాయి ఎచ్చట నున్నదో చెప్పజాలము. ఆ గీత పొడవునను ఎచ్చటనైనను ఉండవచ్చును. రెండవ గీత దానిని కోయవలెను. కోసినచోట త్రవ్వినచో రాయి దొరుకును. కెటరింగువారికి ఆ రెండవ గీత కొఱకు ఏడు నెలలు కనిపెట్టుకొని యుండవలసి వచ్చెను. 1966 అక్టోబరు 14న కాస్మాస్ 129 లేచెను. దాని కోణము 65 డిగ్రీలు. దాని జాడను కూడ వెనుకకు త్రిప్పి, మొదటిదానిమీద వేసి చూచిరి. రెండు గీతలును రష్యా ఉత్తరభాగమున, ఆర్ఖాంగెల్స్క్ ప్రాంతమందలి ప్లెసెట్స్క్ అను ఊరి సమీపమున కలిసినవి.

ఆ సంవత్సరము ముగియకమునుపే ఆ సంగతి లోకమునకు వెల్లడియయ్యెను. అమెరికా వేగులవారికి ఆ తావు అంతకుముందే తెలియును. 1960లో కూల్చబడిన వారి యు-2 విమానము పోదలచిన చోటులలో ప్లెసెట్స్క్ ఒకటి. కాని తెలిసినవారు చెప్పలేదు, చేసినవారు ఒప్పుకొనలేదు. ఇరు మహారాజ్యములును తమ తమ కారణములచే దాచిన సత్యమును ఒక బడి గదిలోని నోటుపుస్తకము బయటపెట్టెను. సోవియటు ప్రభుత్వము ఆ కేంద్రము ఉనికిని బహిరంగముగా అంగీకరించినది 1983లో. లోకము నివ్వెరపడిన మాట మరియొకటి యున్నది: ఆ పేరులేని చోటినుండి లేచిన ఉపగ్రహముల సంఖ్య చాలయేండ్లు ప్రపంచమున మరి యే కేంద్రమునందును లేదు. బ్రిటిషు ప్రభుత్వము పెర్రీని తరువాత ఎం.బి.ఇ. బిరుదముతో గౌరవించెను.

దాచుట ఆ కాలపు అలవాటు. బైకనూరు అను పేరే ఒక మరుగు. నిజమైన కేంద్రము త్యూరతాం రైలుస్టేషను చెంతనుండగా, దానికి మూడువందల కిలోమీటర్లకు పైగా దూరముననున్న వేరొక ఊరి పేరు ప్రకటించిరి. 1961 ఏప్రిలు 12న యూరీ గగారిన్ భూమిని చుట్టివచ్చిన మొదటి మానవుడయ్యెను. ఆ మహాకార్యమునందును ఒక పద్దు మార్చబడెను. ఆయన నౌకనుండి వెలుపలికి వచ్చి పారాచూటుతో వేరుగా దిగెను. నౌకతోనే దిగెనని చాలకాలము చెప్పిరి. వీరుని సాహసమునకు ఆ యబద్ధమువలన వన్నె పెరుగలేదు. నిజము చెప్పినను వన్నె తరుగునది కాదు. కీర్తికొరకు దిద్దిన లెక్క ఎన్నటికైనను కీర్తికే మచ్చ తెచ్చును.

మనుష్యులు ఎక్కిన నౌకల విషయమున ఈ లెక్క ప్రాణములతో కూడినది. అట్టి ప్రయాణమునకు నిమిషముల పట్టిక ముందే సిద్ధమైయుండును: ఏ సెకండున ఇంజను మండవలెను, ఎప్పుడు ఆగవలెను, ఎచ్చట దిగవలెను అని. ఆ పట్టిక ప్రక్కన నిజముగా జరిగినదానిని వ్రాయు రెండవ పట్టిక నడచుచుండును. ఆ రెండును ఎచ్చట విడిపోయినవో అచ్చటనే అపాయము దాగియుండును.

2003 జనవరి 16న కొలంబియా అను అమెరికా నౌక ఏడుగురితో పైకి లేచెను. వారిలో హర్యానా రాష్ట్రమందలి కర్నాలులో పుట్టిన కల్పనా చావ్లా ఒకరు. లేచిన 82 సెకండ్లకు ఇంధనపు తొట్టిమీది నురుగుముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచునకు తగిలెను. దాని బరువు ముప్పాతిక కిలో. ఆ దెబ్బ చిత్రములలో కనబడెను. క్రిందనున్న ఇంజనీర్లు కొందరు కలతచెంది, నౌకను కక్ష్యలో నుండగానే దూరమునుండి ఫొటో తీయింపుడని కోరిరి. ఆ కోరిక నెరవేరలేదు. పదునారు దినములు నౌక చక్కగా తిరుగుటచే అంతయు క్షేమమనుకొనిరి.

ఫిబ్రవరి 1వ తేదీ ఉదయము అమెరికా తూర్పు కాలమానమున 9 గంటల 16 నిమిషములకు నౌక ఫ్లోరిడాలో దిగవలసియుండెను. పడమటి తీరమగు కాలిఫోర్నియాలో అప్పటికింకను తెల్లవారలేదు. నౌక ఆకాశమున నిప్పుగీత గీయుచు పోవు దృశ్యమును చూడవలెనని అచ్చటివారు కొందరు నిద్ర మానుకొని, కెమేరాలతో వాకిళ్లలో నిలిచిరి. 8 గంటల 53 నిమిషముల వేళ నౌక వెనుక చిన్న వెలుగు తునుక ఒకటి విడిపోవుట వారి కెమేరాలకు చిక్కెను. నియంత్రణకేంద్రమున ఆ సంగతి ఎవరికిని తెలియదు. అచ్చట ఎడమ రెక్కలోని మాపకములు ఒకటొకటిగా మూగవోవుట మాత్రము తెలియుచుండెను. 8 గంటల 59 నిమిషములకు మాట నడుమ ఆగిపోయెను. మరుక్షణములలో నౌక టెక్సాస్ రాష్ట్రముమీద ముక్కలయ్యెను. ఏడుగురును మరలిరాలేదు.

ఆ తరువాత జరిగినది గమనింపదగినది. వాకిళ్లలో నిలిచి చిత్రించినవారు తమ తమ చిత్రములను పరిశోధకులకు అప్పగించిరి. ఏ ఊరిలో, ఏ దిక్కునకు, ఏ సెకండున తీసినదో సరిచూచి, ఒకదాని చివర మరియొకటి అతికి, నౌక దాటిన దారిపొడుగున ఏ క్షణమున ఏది రాలెనో పట్టిక వ్రాసిరి. టెక్సాస్ పొలములలో, అడవులలో వేలకొలది జనులు వరుసలుగా నడచి, సుమారు 84 వేల ముక్కలను ఏరితెచ్చిరి. నౌకలోని సమాచార యంత్రమొకటి చెడకుండ దొరికెను. ఈ మూడు సాక్ష్యములును ఒకే మాట చెప్పినవి: ఎడమ రెక్క అంచున రంధ్రము పడినది, అందుగుండ అగ్ని ప్రవేశించినది. కడపట జులైలో అట్టి నురుగుముక్కను అంతే వేగముతో రెక్క భాగమునకు కొట్టి చూడగా సుమారు పదునారు అంగుళముల రంధ్రము పడెను. ఆమీద మనుష్యులతో పోవు ప్రతి షటిల్ నౌకను కక్ష్యలోనే పరీక్షించు నియమము ఏర్పడెను. వేడుక చూడవచ్చినవారి చిత్రములు పోయినవారిని బ్రతికింపలేదు. కాని తరువాత ఎక్కినవారికి కావలి యయ్యెను.

భారతదేశపు చరిత్రలోను ఇట్టి పద్దు ఒకటి కలదు. 2019 సెప్టెంబరు 7వ తేదీ తెల్లవారుజామున చంద్రయాన్-2 లోని విక్రమ్ అను దిగుడు నౌక చంద్రునికి సమీపించి, కడపటి ఘట్టమున మాట తెగి కూలిపోయెను. ఎచ్చట పడెనో తెలియలేదు. చంద్రుని చుట్టు తిరుగు అమెరికా ఉపగ్రహము ఆ ప్రాంతమును చిత్రించగా, ఆ చిత్రము లోకమందరికిని అందుబాటులో నుంచబడెను. చెన్నై నగరపు ఇంజనీరు షణ్ముగ సుబ్రహ్మణియన్ తన ఇంటిలోని కంప్యూటరు ముందు కూర్చుండి, పాత చిత్రమును, క్రొత్త చిత్రమును ప్రక్కప్రక్కన పెట్టి రాత్రులు పోల్చిచూచెను. పాతదానిలో లేని ఒక తెల్లని చుక్క క్రొత్తదానిలో కనబడెను. ఆ సంగతి వ్రాసి పంపెను. అమెరికా శాస్త్రజ్ఞులు మరల చిత్రములు తీసి సరిచూచి, అది విక్రమ్ శకలమేయని డిసెంబరు 2న ఆయన పేరుతో సహా ప్రకటించిరి. ఆ చుక్క ఒక్క గింజంతయైనను లేదు. చూచుటకు కావలసినది గొప్ప యంత్రము కాదు, ఓర్పు.

ఓటమి లెక్కను దాచక వ్రాసికొన్నవారికే తరువాతి లెక్క సరిపడును. 2023 జులై 14న మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు శ్రీహరికోటనుండి చంద్రయాన్-3 లేచెను. ఆగస్టు 5న చంద్రుని కక్ష్యలో ప్రవేశించెను. ఆగస్టు 23 సాయంకాలము 6 గంటల 4 నిమిషములకు చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున మెల్లగా దిగెను. ముందు వ్రాసిన పట్టికయు, జరిగిన పట్టికయు ఒక్కటైన సాయంకాలమది.

ఇన్ని చెప్పి, గ్రామమునకు పనికివచ్చు మాట చెప్పకున్నచో ప్రసంగము సఫలము కాదు. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము తిరుగుచున్నది. ఒక చుట్టునకు దానికి పట్టునది సుమారు గంటన్నర. ప్రొద్దు క్రుంకిన తరువాతను, తెల్లవారకముందును, నేలమీద చీకటి కమ్మినను అంత ఎత్తున ఇంకను ఎండ యుండును. ఆ ఎండ తగిలి అది శుక్రతారవలె వెలుగుచు, రెప్పపాటు లేక, చప్పుడు లేక, పడమటి వైపునుండి తూర్పు వైపునకు కొలది నిమిషములలో దాటిపోవును. ఎఱ్ఱదీపము, పచ్చదీపము మినుకుమినుకుమన్నచో అది విమానము. నడుమ ఆకాశమున హఠాత్తుగా మాయమైనచో బెదరనక్కరలేదు. అది భూమి నీడలో ప్రవేశించినది. చూచుటకు కళ్లజోడు కూడ ప్రత్యేకముగా అక్కరలేదు.

ఆ కేంద్రమున మనుష్యులు 2000 నవంబరు 2న కాపురము పెట్టిరి. అది మొదలు 2025 నవంబరు 2 వరకు ఒక్కదినమైనను అది శూన్యగృహము కాలేదు. 2025 జూన్ నెలలో భారతీయుడగు శుభాంశు శుక్లా అచ్చట అడుగుపెట్టెను. ఈ గ్రంథాలయమువలె దానికిని పాతికేండ్లు నిండినవి. రెండింటిని నిలిపినదియు ఒకటే: ప్రతిదినము ఎవరో ఒకరు తలుపు తెరచి, దీపము వెలిగించి, ఆనాటి పద్దు వ్రాసి పోవుట.

రజతోత్సవపు కానుకగా పెద్ద ఖర్చు లేని ప్రార్థన ఒకటి. గుమ్మము ప్రక్క బల్లమీద మరియొక నోటుపుస్తకమునకు చోటిండు. తేదీ, వేళ, దిక్కు, చూచినవారి పేరు అని నాలుగు గడులు గీయుడు. అంతరిక్ష కేంద్రము దాటినను, తోకచుక్క కనబడినను, ఉల్కలు రాలినను విద్యార్థులు అందు వ్రాయుదురుగాక. మబ్బు పట్టి కనబడనినాడు 'కనబడలేదు' అని వ్రాయుదురుగాక. చూడనిదానిని చూచితిమని మాత్రము ఎన్నడును వ్రాయకుందురుగాక. కెటరింగు పిల్లలు మొదటి పద్దు వ్రాసిననాడు అది దేనికి పనికివచ్చునో వారెరుగరు. ఈ పుస్తకము దేనికి పనికివచ్చునో నేడు ఎవరును చెప్పజాలరు. కాని నిజము వ్రాసిన పుస్తకము ఏనాటికైనను ఎవరికో ఒకరికి సాక్ష్యము చెప్పకమానదు.

గ్రంథాలయము దినదినాభివృద్ధి నొందుగాక. స్వస్తి.